పద్మేని చంపింది అనాకినా, స్క్రీన్‌ప్లేనా?

నబూ_పౌరురాలు:

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. ఇరవై ఏళ్ళుగా దాచుకున్న కోపం, రెండు లైన్లలో తేలదు.

1999లో స్టార్ వార్స్ (అంతరిక్షంలో జరిగే హాలీవుడ్ సినిమాలు) మొదటి ఎపిసోడ్, అంటే 1977-83లో వచ్చిన పాత మూడు సినిమాలకి ముందు కథ, వచ్చినప్పుడు నాకు 13 ఏళ్ళు. అందులో నబూ గ్రహం రాణి పద్మే అమిడాలాకి 14. వంశం వల్ల వచ్చిన రాణి కూడా కాదు, జనం ఎన్నుకున్న రాణి. నా వయసు పిల్లలందరూ పాడ్ రేసు గురించీ, రెండు వైపులా వెలిగే ఎర్ర కత్తి గురించీ కొట్టుకు చస్తుంటే నేను మాత్రం రాణి సాయం అడగడానికి గంగన్ల (అదే గ్రహం మీద ఉండే ఇంకో జాతి) దగ్గరికి వెళ్ళే సీన్‌లోనే ఉండిపోయాను.

గుర్తుందా అది? అడవిలో విరిగిపడ్డ పెద్ద పెద్ద రాతి తలలు. రాణి అలంకారంలో ముందు నిలబడి మాట్లాడుతున్నది డూప్. అసలు రాణి చెలికత్తె బట్టల్లో వెనక ఉంటుంది. గంగన్ల పెద్ద బాస్ నాస్‌కి నబూ వాళ్ళంటే పడదు, ఎప్పుడూ తమని తక్కువగా చూశారని కడుపు మంట. అప్పుడు ఆ పిల్ల వరస దాటి ముందుకొచ్చి, రాణిని నేను అని చెప్పి, ఆయన ముందు మోకాళ్ళ మీదికి దిగుతుంది. వెనకున్న వాళ్ళు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత వాళ్ళూ వంగుతారు. పెద్ద సైన్యం లేదు, రాజధాని శత్రువు చేతిలో ఉంది, మిగిలింది ఒక్క హోదా. దాన్ని ఎవరి ముందు దించితే పని జరుగుతుందో లెక్క వేసుకుని దించింది. 14 ఏళ్ళకి! ఆ సాయంత్రం నేను ఇంట్లో అద్దం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ప్రాక్టీసు చేశాను. నవ్వకండి.

2002లో రెండో ఎపిసోడ్. ప్రేమ సీన్ల గురించి నేనేం మాట్లాడను, వాటిని తిట్టడానికి ప్రపంచమంతా ఉంది. కానీ జియోనోసిస్ అరీనాలో పద్మేనీ, ఆమెని ప్రేమించిన అనాకిన్‌నీ, అతని గురువు ఓబీ-వాన్‌నీ స్తంభాలకి గొలుసులతో కట్టేసినప్పుడు, ఆ ఇద్దరు జెడైలు (ఫోర్స్ అనే అతీత శక్తి ఉన్న యోధులు) ఇంకా ఆలోచిస్తుండగానే పద్మే దాచుకున్న పిన్నుతో తాళం తీసుకుని స్తంభం పైకి ఎక్కేసి ఉంటుంది. ఓబీ-వాన్ అటు చూసి, పైనుంది ఆవిడ, అన్నట్టు ఒక మాట అంటాడు. నాకు అది చాలు. అయితే అదే సినిమాలో అనాకిన్ వచ్చి టస్కెన్లనే ఎడారి తెగ గుడారాల్లో ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా చంపానని చెప్తే, కోపం రావడం మానవ సహజం అని ఓదారుస్తుంది. అక్కడే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఇది పద్మే మాట్లాడిందా, పెళ్ళి సీన్ రావాలి కాబట్టి ఆమె చేత మాట్లాడించారా?

సరే, 2005. మూడో ఎపిసోడ్. ఆరేళ్ళు ఎదురు చూశాను. రిపబ్లిక్ కూలిపోతోంది, ఇక ఈవిడ ఏం చేస్తుందో చూడాలని. ఏం చేసింది? ఇంట్లో ఉంది. బాల్కనీలో జుట్టు దువ్వుకుంది. కిటికీలోంచి చూసింది. భర్త వచ్చేదాకా ఎదురు చూసింది, వచ్చాక ఏడ్చింది. సెనేట్‌లో చప్పట్ల మధ్య స్వేచ్ఛ చచ్చిపోతోందన్న ఒక్క మంచి డైలాగ్ ఇచ్చారు, అదీ కూర్చునే. తర్వాత చీకటి వైపు వెళ్ళిపోయిన భర్త అనాకిన్ (పాత సినిమాల్లో విలన్ డార్త్ వేడర్ ఇతనే) కోసం ముస్తఫార్ గ్రహానికి వెళ్ళి, అతని చేత గొంతు నులిమించుకుని, కవలల్ని, అంటే లూక్‌నీ లేయానీ కని, వాళ్ళకి పేర్లు పెట్టి చచ్చిపోయింది. ఎందుకు చచ్చిపోయిందంటే వైద్యం చేసే డ్రాయిడ్ (మరమనిషి) చెప్పిన కారణం ఇది: శరీరంలో ఏ లోపమూ లేదు, బతకాలన్న కోరిక పోయింది.

ఒక గ్రహాన్ని విడిపించుకున్న మనిషికి, అప్పుడే పుట్టిన ఇద్దరు పిల్లలు పక్కన ఉండగా, బతకాలని లేదట.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మా అక్క కూతురికి 12 ఏళ్ళు. సెలవుల్లో దానికి ఆరు సినిమాలూ రిలీజైన వరసలోనే చూపించాను, ముందు పాతవి మూడూ, తర్వాత ప్రీక్వెల్స్ (ముందు కథ చెప్పే మూడూ). గంగన్ల సీన్‌లో అది కూడా లేచి కూర్చుంది (రక్త సంబంధం ఊరికే పోతుందా). మూడో ఎపిసోడ్ చివర అంతిమయాత్ర దాకా ఏమీ అనలేదు. పేర్లు పడుతుండగా అడిగింది: "పిన్నీ, మరి లేయాకి వాళ్ళమ్మ గుర్తుందిగా?"

నేను నోరు తెరిచి మూసుకున్నాను. 1983 సినిమాలో ఎండోర్ మీద, ఈవాక్‌ల ఊళ్ళో రాత్రి పూట లూక్ లేయాని అడుగుతాడు, అమ్మ గుర్తుందా, కన్న తల్లి, అని. కొంచెం గుర్తుందంటుంది. తను చాలా చిన్నప్పుడే పోయిందని, చాలా అందంగా ఉండేదని, మంచిదని, కానీ దిగులుగా ఉండేదని చెప్తుంది. లూక్ నాకేమీ గుర్తు లేదంటాడు. పిల్ల ఆ సీన్ చూసి వారం కూడా కాలేదు, దాని బుర్రలో పచ్చిగా ఉంది. పుట్టిన నిమిషానికే తల్లి పోతే దిగులు ఎక్కడ చూసింది లేయా?

నా ప్రశ్న ఇదీ. పద్మే చావుకి, దానికి ముందు ఆమెని బొమ్మలా కూర్చోబెట్టినందుకు, కథ లోపలి నుంచి నమ్మదగ్గ కారణం ఎవరైనా చెప్పగలరా? "ఫోర్స్ వల్ల గుర్తుంది" లాంటివి వద్దు, నేను చెప్పి చూశాను, పిల్ల కనుబొమ్మ ఎత్తింది. ముగింపు ముందే తెలిసిన కథలో పాత్రలకి సొంత బుద్ధి ఉండటం అసలు కుదరదా?

రెండో_రీలు:

మీ పద్మే ఉంది అండీ. కత్తెర కింద పడి ఉంది.

మూడో ఎపిసోడ్ డిస్క్‌లో తీసేసిన సీన్లు చూశారా? చూడకపోతే ఇవాళే చూడండి. పద్మే, బెయిల్ ఆర్గానా, మోన్ మోత్మా, ఇంకొందరు సెనేటర్లు తలుపులు మూసుకుని మాట్లాడుకునే సీన్లు షూట్ చేశారు. రిపబ్లిక్ అధినేత, ఛాన్సలర్ పాల్పటైన్ చేతుల్లోకి అధికారమంతా పోతోంది, ఏం చేద్దాం, ఎవర్ని నమ్ముదాం, అని. ఎవరికీ చెప్పకూడదని మాట ఇచ్చుకుంటారు, సొంత వాళ్ళకి కూడా. అంటే పద్మే అనాకిన్‌కి చెప్పకూడదు. తర్వాత పాత మూడు సినిమాల్లో మనం చూసే తిరుగుబాటుకి విత్తనం అదే. లేయా పెంపుడు తండ్రీ కన్న తల్లీ కలిసి నాటింది.

వాటిలో ఒక సీన్ గురించి మాత్రం వివరంగా చెప్తాను. 2,000 మంది సెనేటర్ల తరఫున విన్నపం పట్టుకుని వీళ్ళు పాల్పటైన్ ఆఫీసుకి వెళ్తారు. పద్మే మాట్లాడుతుంది. అవతల పాల్పటైన్ తియ్యగా నవ్వుతూ వింటుంటాడు. అనాకిన్ ఎక్కడున్నాడో తెలుసా? ఛాన్సలర్ వైపు. భార్య ఇవతల నిలబడి అర్జీ పెట్టుకుంటుంటే భర్త అవతల నిలబడి చూస్తున్నాడు, ఇద్దరూ ఎవరో ఏమో తెలియనట్టు. వాళ్ళు వెళ్ళిపోయాక వాళ్ళ మాటల్లో నిజాయితీ లేదని పాల్పటైన్ వాడి చెవిలో వేస్తాడు.

ముస్తఫార్‌లో వాడు ఆమె గొంతు ఎందుకు పట్టుకున్నాడో ఆ సీన్ ఉంటే అర్థమవుతుంది. అది లేకపోతే ఓడలోంచి ఓబీ-వాన్ దిగాడని పట్టుకున్నట్టు ఉంటుంది.

మోన్ మోత్మాగా వేసిన జెనెవీవ్ ఓరైలీ సీన్లు ఆ దెబ్బకి దాదాపు అన్నీ పోయాయి. 11 ఏళ్ళ తర్వాత, 2016లో ఇంకో స్టార్ వార్స్ సినిమా రోగ్ వన్‌లో అదే పాత్రకి మళ్ళీ ఆవిడనే పిలిచారు. 2022లో మొదలైన ఆండోర్ సిరీస్‌లో అయితే ఆ పాత్రని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. విందులో నవ్వుతూ, లోపల వణుకుతూ, డబ్బు ఎలా దాటించాలో ఆలోచించే సెనేటర్. నాకు అది చూస్తున్నంత సేపూ ఇది పద్మేకి రావలసిన కథ అనిపించింది.

పాత_బ్యాటరీ:

ఫోర్స్ సంగతి వదిలేయండి, లేయా చెప్పింది పెంపుడు తల్లి గురించి అనుకోవచ్చుగా? సింపుల్.

నబూ_పౌరురాలు:

అనుకోలేం అండీ. లూక్ అడిగిందే కన్న తల్లి గురించి, ఆ మాట నొక్కి మరీ అడుగుతాడు. పైగా చాలా చిన్నప్పుడే పోయిందంటుంది. పెంపుడు తల్లి బ్రెహా ఆర్గానా వాళ్ళ గ్రహం ఆల్డెరాన్ పేలినప్పుడు పోయింది, అప్పటికి లేయాకి 19. ఈ దారి నేను 2005లోనే వెతికి వెనక్కి వచ్చాను.

@రెండో_రీలు, డిస్క్ ఉంది, ఆ సీన్లు ఎప్పుడో ఒకసారి చూశాను, అప్పుడు కోపంలో సరిగ్గా చూడలేదు. ఛాన్సలర్ వైపు నిలబడ్డాడన్న సంగతి అస్సలు గమనించలేదు. ఈ శనివారం పిల్లతో కూర్చుంటాను.

నైట్_డ్యూటీ:

నేను ఎమర్జెన్సీలో పనిచేసే డాక్టర్ని. సినిమా గురించి కాదు, ఆ డ్రాయిడ్ గురించి మాట్లాడాలి. 20 ఏళ్ళుగా నాకూ వాడి మీదే కోపం.

గొంతు నులిమిన కేసు వస్తే, పైకి ఎంత బాగున్నా ఇంటికి పంపం. నిమిషాల్లో తేరుకుని మాట్లాడిన మనిషికి కూడా గంటల తర్వాత లోపల వాపు వచ్చి శ్వాసనాళం మూసుకుపోవచ్చు. మెడలో మెదడుకి వెళ్ళే రక్తనాళం లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డ కట్టి, అది పైకి పోతే పక్షవాతం రావచ్చు. మెడ మీద ఒక్క మచ్చ లేకుండానే ఇవన్నీ జరగొచ్చు. దానికి తోడు ఆవిడకి కవలలు. కవలల కాన్పులో రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం మామూలు కాన్పు కంటే ఎక్కువ. ఇన్ని కారణాలు బల్ల మీద పెట్టుకుని "శరీరంలో ఏ లోపమూ లేదు" అన్నాడంటే వాడు మెడ చూడలేదన్నమాట. నా దగ్గర ఇంటర్న్ అలా రాస్తే ఆ కాగితం చింపి చేతిలో పెడతాను.

దుఃఖంతో గుండె దెబ్బతినడం అబద్ధం కాదు. 1990లో జపాన్ డాక్టర్లు వర్ణించారు, టాకోట్సుబో అంటారు. ఆక్టోపస్‌లని పట్టే కుండ పేరు అది. పెద్ద షాక్ తగిలినప్పుడు గుండె కింది భాగం బెలూన్‌లా ఉబ్బి ఆ కుండ ఆకారంలోకి వస్తుంది. కానీ అది ఎక్కువగా ముట్లు ఆగిపోయిన వయసు ఆడవాళ్ళలో కనిపిస్తుంది, చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు కూడా. పద్మేకి అప్పటికి 27. పైగా అది ఎకోలో (గుండె స్కాన్‌లో) స్పష్టంగా కనిపించే విషయం, దాన్ని "లోపం లేదు" అనరు.

తమాషా ఏంటంటే, గొంతు నులమడం వల్లే చనిపోయింది అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అనాకిన్ భార్యని కాపాడుకోవడానికే చీకటి వైపు వెళ్ళాడు. ఆ చీకటితోనే ఆమెని చంపాడు. కథ తనంతట తానే అక్కడికి వచ్చి నిలబడింది. దాన్ని పక్కకి తోసి "మనసు విరిగింది" అన్నారు. ఆఖరికి పాల్పటైన్ కూడా నీ కోపంలో నువ్వే చంపావు అని వేడర్‌తో చెప్తాడు, మనం అది అబద్ధం అనుకోవాలట! ఆ గదిలో సరైన రోగనిర్ధారణ చేసింది విలన్ ఒక్కడే.

రెండో_రీలు:

ఆఖరి వాక్యానికి దండం సార్.

తటస్థ_గ్రహం:

అందరూ ఒకే వైపు లాగుతున్నారు, నేను రెండో వైపు పడతాను.

మీ బాధ నిజమే, కానీ మీరు 13 ఏళ్ళ కళ్ళతో చూసిన సినిమాని ఇంకా ఆ కళ్ళతోనే చూస్తున్నారు. మూడు ప్రీక్వెల్స్ ఎవరి కథ? అనాకిన్ కథ. 140 నిమిషాల్లో ఒక మంచి కుర్రాడు రాక్షసుడు కావాలి. దానికి పనికిరాని ప్రతిదీ పోవాల్సిందే, అది రాజకీయమైనా సరే. రెండో ఎపిసోడ్ దాకా "ఈ సెనేట్ గోల ఏంటి, పన్నుల తగాదా ఏంటి" అని తిట్టింది మనమే కదా? తీరా ఆ గోల తగ్గిస్తే తగ్గించారని తిడతాం.

ఇక పొంతన లేకపోవడం అంటారా, అది ప్రీక్వెల్స్‌తో మొదలవలేదు. 1977 సినిమాలో ఓబీ-వాన్ లూక్‌తో ఏం చెప్పాడు? మీ నాన్నని డార్త్ వేడర్ చంపాడని. 1980కి వేడరే నాన్న అయ్యాడు. 1983లో ఓబీ-వాన్ ఆత్మగా వచ్చి దుంగ మీద కూర్చుని, ఒక కోణంలోంచి చూస్తే నేను చెప్పింది నిజమే నాయనా, అని తప్పించుకున్నాడు. ఇంత పెద్ద అబద్ధాన్ని మింగేసిన మనం లేయా జ్ఞాపకం దగ్గర గొంతులో ముల్లు పడ్డట్టు ఎందుకు చేస్తున్నాం? అదే ఓబీ-వాన్, అనాకిన్‌ని కలిసేటప్పటికే వాడు గొప్ప పైలట్ అంటాడు. 1999లో చూస్తే వాడు తొమ్మిదేళ్ళ పిల్లాడు. తనకి నేర్పిన గురువు యోడా అంటాడు. 1999లో చూస్తే గురువు క్వై-గాన్. ఓబీ-వాన్ మాట మీద ఇల్లు కట్టుకుంటే అది పడకుండా ఎలా ఉంటుంది?

ఇంకో మాట. ఈ సినిమాల మీద కోపం ఎటు పోయిందో కూడా గుర్తు చేసుకోవాలి. మొదటి ఎపిసోడ్‌లో గంగన్ జార్ జార్‌గా వేసిన అహ్మద్ బెస్ట్‌ని జనం ఎంత ఏడిపించారంటే, ప్రాణం తీసుకుందామనుకున్నానని 2018లో ఆయనే చెప్పాడు. 2023లో మాండలోరియన్ సిరీస్ మూడో సీజన్‌లో జెడైగా వచ్చి గ్రోగూ అనే బుల్లి పాత్రని కాపాడితే నేను టీవీ ముందు లేచి చప్పట్లు కొట్టాను. రాసిన వాళ్ళని అడగండి, వేసిన వాళ్ళని కాదు.

నబూ_పౌరురాలు:

నటుల జోలికి నేను పోలేదు, పోను. నాటలీ పోర్ట్‌మన్ ఆ చప్పట్ల డైలాగ్ చెప్పిన తీరు చూస్తేనే తెలుస్తుంది, పని ఇస్తే చేసి ఉండేదని.

మిగతాదానికి జవాబు. ఓబీ-వాన్ అబద్ధాలు నాకు అడ్డం కాదు, ఎందుకంటే అబద్ధం చెప్పడం వల్ల ఓబీ-వాన్ పెరిగాడు. కుర్రాడికి నిజం చెప్పే ధైర్యం లేని ముసలాయన అయ్యాడు, అది ఒక మనిషి లక్షణం. పద్మే విషయంలో అలా కాదు. అక్కడ పొంతన కుదరనందుకు ఆమెకి ఏమీ చేరలేదు, ఉన్నది పోయింది. అతుకు కనబడితే నాకు ఫర్వాలేదు. గుడ్డ తగ్గించి కుట్టారు, అదీ నా గొడవ.

అనాకిన్ కథ కాబట్టి పద్మే చిన్నది కావాలన్నది కూడా నేను ఒప్పుకోను. వాడు పోగొట్టుకున్నది ఎంత గొప్పదైతే వాడి పతనం అంత లోతు. జుట్టు దువ్వుకుంటూ ఎదురు చూసే అమ్మాయిని పోగొట్టుకోవడం వేరు, తన ఎదురుగా నిలబడి ఆ ఛాన్సలర్‌ని నిలదీసిన మనిషిని పోగొట్టుకోవడం వేరు.

మరమనిషి_మేనమామ:

చర్చ బాగుంది, నేను పక్క వీధిలోంచి వస్తున్నాను. ఏలియన్ సినిమాల అభిమానిని. మీకు కనీసం పద్మే అంత్యక్రియలు చూపించారు.

2012లో ప్రొమీథియస్. 1979 ఏలియన్ సినిమాకి ముందు కథ. అందులో ఎలిజబెత్ షా అనే శాస్త్రవేత్త. కడుపులో ఏదో పెరుగుతోందని తెలిసి, ఆపరేషన్ చేసే యంత్రం దగ్గరికి ఒంటరిగా పరిగెత్తుతుంది. ఆ యంత్రం ఏమంటుంది? నన్ను మగ రోగులకే అమర్చారు, అంటుంది. ఆవిడ నొప్పితో వంకర్లు తిరుగుతూనే వేరే దారి వెతికి, పొట్టలో పరాయి వస్తువు ఉంది తియ్యి అని ఆదేశం ఇచ్చి, మెలకువగా ఉండగానే కోయించుకుని, స్టేపుల్స్ వేయించుకుని బయటకి వస్తుంది. సినిమా అంతటిలోకీ నేను సీట్లో ముడుచుకుపోయిన సీన్ అదొక్కటే. చివర్లో మనుషుల్ని పుట్టించిన గ్రహాంతరవాసుల్ని, మమ్మల్ని పుట్టించి మళ్ళీ ఎందుకు చంపాలనుకున్నారో అడగాలి, అని వాళ్ళ గ్రహం వెతుక్కుంటూ బయలుదేరుతుంది.

నేను ఐదేళ్ళు ఆగాను. 2017లో కవెనెంట్ వచ్చింది. ఆ ప్రశ్నకి జవాబు లేదు, షా లేదు. రెండు సినిమాల మధ్య సందులో చచ్చిపోయింది. ఆ మరమనిషి డేవిడ్ ఆవిడ శరీరం మీద ప్రయోగాలు చేసినట్టు తెలుస్తుంది, అంతే. తెగిపోయిన డేవిడ్ తలని మళ్ళీ వాడి ఒంటికి అతికించింది ఆవిడే! రెంటికీ దర్శకుడు ఒకరే, రిడ్లీ స్కాట్. ఎందుకంటే కథ గుడ్ల దగ్గరికి, ఆ రాక్షసి పురుగు దగ్గరికి తొందరగా చేరాలి. అది 1979లో మనం చూసింది కాబట్టి. మనిషిని దారిలో దింపేశారు.

అదే ప్రొమీథియస్‌లో గుహలకి మ్యాపు గీసే ఎగిరే యంత్రాలు తెచ్చిన జియాలజిస్టు గుహలో దారి తప్పుతాడు. చచ్చిపడి ఉన్న గ్రహాంతరవాసిని చూసి భయపడి వెళ్ళిపోయిన బయాలజిస్టు, బతికున్న పాము లాంటిది పడగెత్తితే "రా బుజ్జీ" అన్నట్టు చెయ్యి చాపుతాడు. వాళ్ళకి పిచ్చి కాదు. ఆ పాము ఎవర్నో ఒకర్ని కరవాలి, స్క్రిప్టులో ఆ పేజీ వచ్చింది.

నబూ గారి రెండో ప్రశ్నకి నా జవాబు ఇదే. ప్రీక్వెల్‌లో పాత్రకి ముగింపు తెలియదు, రాసేవాడికి తెలుసు. రాసేవాడు తన తొందరని పాత్ర మీదికి తోస్తే అది బుద్ధి తక్కువగా కనబడుతుంది. సోలో (2018) చూడండి, పాత సినిమాల హీరోల్లో ఒకడైన హాన్‌కి ఇంటిపేరు, తుపాకీ, నేస్తం చూబాకా, ఓడ ఫాల్కన్, ఆ ఓడతో చేసిన కెసెల్ పరుగు, అన్నీ ఒక్క సినిమాలో దొరికేస్తాయి. ఇంటిపేరు అయితే సైన్యంలో చేర్చుకునే గుమాస్తా పెడతాడు, నీకెవరూ లేరా, అయితే నువ్వు సోలో, అని. మనిషి జీవితం అంతా ఒక వారంలో షాపింగ్ చేసినట్టుంది. రోగ్ వన్‌లో ఆ గోల లేదు. అందరూ పోతారని, డెత్ స్టార్ అనే ఆయుధం ప్లాన్లు లేయా చేతికి చేరతాయని మనకి ముందే తెలుసు, అయినా జిన్, కాసియన్ బీచ్‌లో కూర్చుని ఆ వెలుగు వైపు చూస్తుంటే నా గొంతు పట్టేసింది. వాళ్ళు కొత్తవాళ్ళు, ఎవరి బాకీ తీర్చడానికీ రాలేదు.

తటస్థ_గ్రహం:

ఒక సవరణ. పాతవాళ్ళలో ఒకడు బతికి బట్టకట్టాడు. పాల్పటైన్. ఇయన్ మెక్‌డర్మిడ్ 1983లో నలభై కూడా నిండకుండా మేకప్ వేసుకుని పండు ముసలి చక్రవర్తిగా చేశాడు. 16 ఏళ్ళ తర్వాత మేకప్ తీసేసి అదే మనిషి వయసులో ఉన్నప్పటి కథ చేశాడు. మూడు సినిమాల్లోనూ వాడు ఒక్కసారి కూడా తెలివి తక్కువ పని చెయ్యడు. ఎందుకంటే ఆ కథలో ముగింపు ఏం కావాలో తెలిసింది, దానికోసం మిగతా అందర్నీ కదిపేది వాడే. రాసేవాడి తొందర వాడి ఒంటికి సరిపోయింది.

మొదటి ఎపిసోడ్‌లో పద్మే చేత అప్పటి ఛాన్సలర్ వాలోరమ్ మీద అవిశ్వాస తీర్మానం పెట్టించి ఆ కుర్చీ ఎక్కింది కూడా వాడేగా. మీ రాణి లెక్కల్లో ఒకటి తప్పింది నబూ గారూ, ఒప్పుకోండి.

నబూ_పౌరురాలు:

ఒప్పుకుంటాను! అందుకే కదా ఇంకా కోపం. తన చేత్తో కుర్చీ ఎక్కించిన వాణ్ణి తన చేత్తోనే దించడానికి ప్రయత్నించి ఓడిపోయిందంటే అది కథ. ఆ కథని షూట్ చేసి పక్కన పెట్టారని ఇప్పుడే అర్థమైంది.

పాత_బ్యాటరీ:

పిల్లకి 2008లో మొదలైన క్లోన్ వార్స్ యానిమేషన్ చూపించండి అండీ. మూడో సీజన్‌లో ఒక ఎపిసోడ్ ఉంది, మరిన్ని క్లోన్ సైనికుల్ని కొనడానికి అప్పు చెయ్యాలని సెనేట్‌లో బిల్లు. పద్మే లేచి తన దగ్గర పనిచేసే టెక్లా గురించి చెప్తుంది. యుద్ధం వచ్చాక టెక్లా వాళ్ళింటికి కరెంటూ నీళ్ళూ ఎప్పుడో కాని రావడం లేదని, పిల్లలకి రోజూ స్నానం కూడా కుదరడం లేదని. అంతే, కత్తులూ లేవు, ఓడలూ లేవు. బ్రెహా అని తప్పు చెప్పినందుకు పరిహారం అనుకోండి.

నబూ_పౌరురాలు:

రెండు వారాల తర్వాత వస్తున్నాను, మన్నించాలి.

శనివారం తీసేసిన సీన్లు పెట్టాను. కొన్నిట్లో గ్రాఫిక్స్ పూర్తవలేదు, పిల్ల అదేం పట్టించుకోలేదు. ఛాన్సలర్ ఆఫీసు సీన్ రాగానే రిమోట్ లాక్కుని ఆపింది. అనాకిన్ వైపు వేలు పెట్టి, "ఇతను ఆవిడ మొగుడేగా, అటెందుకు నిలబడ్డాడు?" అంది. మళ్ళీ వెనక్కి తిప్పింది. మూడుసార్లు చూసింది. మూడోసారి అనాకిన్‌ని కాదు, పద్మేని చూసింది. పద్మే అతని వైపు ఎన్నిసార్లు చూస్తుందో లెక్కపెడుతోందట. నేనూ లెక్కపెట్టాను, ఇద్దరికీ లెక్క కుదరలేదు, గొడవ పడ్డాం.

@నైట్_డ్యూటీ, మీ మెడ పరీక్ష సంగతి చదివి వినిపించాను. ఇప్పుడు ఆ డ్రాయిడ్ తెర మీదికి వస్తే చాలు "మెడ చూడరా" అని అరుస్తోంది. లేయా జ్ఞాపకానికి మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో జవాబు లేదు. బెయిల్ ఆర్గానా రోజూ రాత్రి ఆవిడ గురించి చెప్పి ఉంటాడు, విని విని చూసినట్టే అనుకుంది, అని పిల్ల తనే ఒకటి కట్టింది. సినిమాలో అలా ఎక్కడా లేదన్నాను. ఉంటే బాగుండు కదా అంది.

తర్వాత క్లోన్ వార్స్ మొదలుపెట్టాం. నిన్న టెక్లా ఎపిసోడ్ అయింది. పద్మే మాట్లాడటం అయిపోయాక పిల్ల కాసేపు అలాగే కూర్చుని, "పిన్నీ, ఈవిడ ఇంకా బతికే ఉందిగా. ఇక్కడితో ఆపేద్దాం" అంది.

ఆపేశాం.